పెట్టె ఎవరి చేతికి చేరింది? నలాక్సోన్ లెక్కలు రాయడంలో నా అనుభవం

అమెరికాలో ఓవర్‌డోస్ చావుల గురించి మన పేపర్లలో అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. ఆ చావుల్ని ఆపే మందు ఒకటుందని, దాన్ని ఊళ్ళో జనానికి ఉచితంగా పంచుతారని, పంచినదానికి లెక్క రాయడానికి మనుషులుంటారని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఒహైయోలో ఒక కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో నేను చేసే ఉద్యోగం అదే. అంతకుముందు ఇన్సూరెన్స్ క్లెయిముల డేటా చూసేదాన్ని. "మీ పని ఎక్సెల్ షీట్లే కదా" అని ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ షీట్‌లో ఏ గడి పెట్టాలి, ఏది తీసెయ్యాలి అన్నదాని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయని పనిలో దిగాకే అర్థమైంది.

మందు పేరు నలాక్సోన్. ముక్కులో కొట్టే స్ప్రేగా నార్కాన్ అనే పేరుతో ఎక్కువగా కనిపిస్తుంది. హెరాయిన్, ఫెంటనిల్, ఆక్సికోడోన్ లాంటి ఓపియాయిడ్లు (నొప్పి తగ్గించి మత్తు కలిగించే మందులు) మోతాదు మించితే, ఊపిరి తీసుకోమని ఒంటికి చెప్పే మెదడు భాగం మందగించిపోతుంది. చూసేవాళ్ళకి మనిషి గాఢంగా నిద్రపోతున్నట్టే ఉంటాడు. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి, గొంతులోంచి గురగుర శబ్దం వస్తుంది, తర్వాత అదీ ఆగిపోతుంది. ఓపియాయిడ్ పట్టుకున్న చోటునుంచి దాన్ని నెట్టేసి ఆ జాగాలో నలాక్సోన్ కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి అందుకుంటుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేని మనిషికి కొట్టినా హాని చెయ్యదు. అందుకే అనుమానం వస్తే చాలు, ఆలోచించకుండా కొట్టమంటారు.

ఇది కొత్త మందేం కాదు, అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది. కానీ ఏళ్ళ తరబడి ఆసుపత్రులు, అంబులెన్సులు దాటి బయటికి రాలేదు. 1996లో షికాగోలో డాన్ బిగ్ అనే ఆయన, షికాగో రికవరీ అలయన్స్ తరఫున, మత్తుమందులు వాడేవాళ్ళ చేతికే దాన్ని ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒహైయోలో 2012లో పోర్ట్స్‌మత్ అనే ఊళ్ళో జనానికి నలాక్సోన్ పంచే ప్రాజెక్ట్ డాన్ అనే కార్యక్రమం మొదలైంది. ముక్కు స్ప్రేకి 2015 నవంబర్‌లో అనుమతి వచ్చింది. 2023 మార్చిలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్ముకోవచ్చన్నారు. ఆ సెప్టెంబర్‌కి రెండు స్ప్రేల పెట్టె సుమారు 45 డాలర్లకి షాపుల్లోకి వచ్చింది. ఎక్కువ అవసరం ఉన్న మనిషి దగ్గర ఆ 45 డాలర్లు ఉండవు. కాబట్టి ఉచితంగా పంచడం ఆగలేదు, ఆగకూడదు కూడా.

నేను చేరినప్పుడు లెక్క ఇలా ఉండేది. స్టోర్ రూమ్ నుంచి పెట్టెలు బయటికి వెళ్తాయి. లైబ్రరీకి ఇన్ని, చర్చికి ఇన్ని, జైలు నుంచి విడుదలయ్యేవాళ్ళకి ఇన్ని, జనం ఉన్నచోటికే వెళ్ళి పంచే అవుట్‌రీచ్ వ్యాన్‌కి ఇన్ని అని రిజిస్టర్‌లో రాస్తారు. నెలాఖరుకి అదంతా కూడి, "ఈ నెల పంచినవి" అని పైకి పంపిస్తారు. చూడ్డానికి పెద్ద అంకె. అయితే లైబ్రరీకి వెళ్ళిన పెట్టెలు అక్కడి అల్మరాలోనే ఉన్నా అవి "పంచినవి" కిందే లెక్క. కొన్నిచోట్ల ఆ సంస్థలు కూడా తాము జనానికి ఇచ్చినవాటిని విడిగా రిపోర్ట్ చేసేవి, అవీ అందులో కలిసిపోయేవి. ఒకే పెట్టె రెండుసార్లు లెక్కలోకి వచ్చేది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పెట్టెలు త్వరగా బయటికి పోవాలన్న తొందరలో ఏర్పడిన అలవాటు అంతే.

నేను మొదట చేసిన పని, ఆ ఒక్క గడిని రెండుగా విడగొట్టడం. ఒకటి "సంస్థకి ఇచ్చినవి", రెండోది "మనిషి చేతికి చేరినవి". ఈ మార్పుకి నేననుకున్నదానికంటే ఎక్కువ ప్రతిఘటన వచ్చింది. ఎందుకంటే రెండో గడిలో అంకె చిన్నది. నిధులిచ్చేవాళ్ళకి పోయిన ఏడాది పెద్ద అంకె చూపించి, ఈ ఏడాది చిన్నది చూపించాలంటే ఎవరికైనా టెన్షనే. మా టీమ్‌లో సీనియర్ నర్సు ఒకావిడ గట్టిగా నిలబడబట్టి అది సాధ్యమైంది. ఆవిడ మీటింగ్‌లో అన్నది ఒకటే మాట: "అల్మరాలో ఉన్న మందు ఎవరినీ బతికించదు."

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే ఒక అధ్యయనం గురించి చెప్పాలి. మసాచుసెట్స్‌లోని 19 ఊళ్ళ మీద చేసినది, 2013లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. లక్ష జనాభాకి 100 మంది లోపు శిక్షణ పొంది మందు తీసుకున్న చోట్ల ఓవర్‌డోస్ మరణాల రేటు, అసలు పంచని చోట్లకంటే 27 శాతం తక్కువగా ఉంది. 100 మందికి మించిన చోట్ల 46 శాతం తక్కువ. అంటే ఊరి జనాభాలో ఎంతమంది చేతికి అందిందన్నదే అసలు విషయం. రాష్ట్రం మొత్తానికి ఎన్ని కొన్నారన్న అంకెతో అది తెలియదు. ఏ పేటలో ఎంతమంది దగ్గర ఉందో తెలియాలి. అది తెలియాలంటే తీసుకునే మనిషిని ఏదో ఒకటి అడగాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

పాత ఫారం రెండు పేజీలు. పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, జాతి, ఏ మత్తుమందు వాడతారు, ఎన్నాళ్ళనుంచి, అంతకుముందు ఓవర్‌డోస్ అయిందా. పరిశోధకులకి ఇవన్నీ కావాల్సినవే. కానీ వ్యాన్ దగ్గర నిలబడి పనిచేసే అవుట్‌రీచ్ వర్కర్లని అడిగితే వాళ్ళు చెప్పింది వేరు: ఫారం చూడగానే సగంమంది "తర్వాత వస్తాం" అని వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. కొందరు వర్కర్లయితే ఫారం పక్కన పెట్టేసి ఊరికే ఇచ్చేసేవాళ్ళు. ఆ పెట్టెలు ఏ లెక్కలోనూ లేవు. నా దృష్టిలో ఆ వర్కర్లు చేసింది సరైన పని. ఫారానికీ మనిషికీ పోటీ వస్తే మనిషినే చూడాలి.

అందుకని ఫారం తీసేసి, అరచేతిలో పట్టేంత కార్డు ఒకటి తయారుచేశాం. పేరు లేదు, సంతకం లేదు. జిప్ కోడ్, అంటే మన పిన్ కోడ్ లాంటిది. మొదటిసారా, రీఫిలా (మళ్ళీ తీసుకుంటున్నారా). రీఫిల్ అయితే ఎందుకు: వాడారా, పోయిందా, ఎవరికైనా ఇచ్చారా, ఎవరైనా లాక్కున్నారా, గడువు తీరిందా. వాడినట్టయితే ఎన్ని స్ప్రేలు కొట్టారు, ఆ మనిషి బతికాడా. చివర్లో "చెప్పను" అనే గడి. ఆ గడి కోసం నేను చాలా వాదించాను. చెప్పకుండా ఉండే హక్కు కార్డు మీద కళ్ళెదురుగా కనిపిస్తే, మిగతా ప్రశ్నలకి జవాబిచ్చేవాళ్ళు పెరుగుతారని వర్కర్లు నాకు చెప్పారు. అలాగే జరిగింది.

కార్డు ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒక చలికాలం సాయంత్రం వ్యాన్‌తో పాటు వెళ్ళాను. హైవే పక్కన వారానికింతని అద్దె తీసుకునే మోటళ్ళ వరస. ఇల్లు పోయినవాళ్ళు, జైలునుంచి వచ్చినవాళ్ళు, పిల్లల్ని వెంటేసుకున్న కుటుంబాలు కూడా అక్కడే ఉంటారు. వర్కర్ ఒక చేత్తో సాక్సులు, నీళ్ళ సీసాలు సంచుల్లో సర్దుతూనే మాట్లాడుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి ఒకామె వచ్చి ఆరు పెట్టెలు కావాలంది. ఎందుకిన్ని అని అతను అడగలేదు. "రీఫిలా?" అన్నాడు. "అవును. పోయినవారం వాడాను. రెండు కొట్టాను, నోట్లో ఊపిరి ఊదాను. లేచాడు" అంది, బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా. అతను రెండు గడుల్లో టిక్కు పెట్టాడు. ఆమె కార్డు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇది పోలీసులకి వెళ్తుందా?" అని అడిగింది. "ఇందులో నీ పేరెక్కడుంది, చూడు" అన్నాడతను. మళ్ళీ ఒకసారి చదివి, క్లిప్‌బోర్డ్‌కి తనే పెట్టేసింది. తర్వాత వెళ్తూ వెళ్తూ చెప్పింది: ఒక పెట్టె మోటల్ రిసెప్షన్‌లో, ఒకటి బట్టలుతికే గదిలో పెడుతుందట, మిగతావి తలుపు తట్టి ఇస్తుందట.

ఆమె చేస్తున్నది మా డిపార్ట్‌మెంట్ చెయ్యాల్సిన పని. మా రికార్డులో మాత్రం ఆమె ఒక జిప్ కోడ్, ఒక టిక్కు. నిజం చెప్పాలంటే ఇలాంటివాళ్ళ వల్లే ఈ కార్యక్రమం నడుస్తోంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2015లో ప్రచురించిన సర్వేలో, పంపిణీ సంస్థలకి అందిన ఓవర్‌డోస్ కాపాడిన ఘటనల్లో నూటికి 80కి పైగా మత్తుమందులు వాడేవాళ్ళు చేసినవే. పడిపోయిన మనిషి పక్కన ఆ క్షణాన ఉండేది వాళ్ళే కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. "వాడేవాళ్ళకి మందిస్తే ఇంకా ఎక్కువ వాడతారు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. నార్కాన్ తగిలిన మనిషికి వాంతులు, చెమటలు, వణుకు, ఒళ్ళంతా నొప్పులు. ఆ బాధ కోరుకుని ఎవరూ ఎక్కువ మోతాదు వేసుకోరు.

కార్డులు కొన్ని నెలలపాటు పోగయ్యాక, వాటిని అంబులెన్స్ కాల్స్ డేటాతో పక్కపక్కన పెట్టి మ్యాప్ గీశాను. జిప్ కోడ్ వారీగా ఎక్కడ ఎన్ని ఓవర్‌డోస్ కాల్స్, ఎక్కడ ఎన్ని పెట్టెలు. మ్యాప్ చూసిన రోజు మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మంచి స్కూళ్ళున్న ఒక సబర్బ్‌లో, అవగాహన సదస్సులు ఎక్కువ జరిగినందువల్ల పెట్టెలు కుప్పలుగా ఉన్నాయి. రీఫిల్ కోసం మాత్రం దాదాపు ఎవరూ రాలేదు. ఆ మోటళ్ళున్న జిప్ కోడ్‌లో కాల్స్ అన్నిటికంటే ఎక్కువ, పెట్టెలు చాలా తక్కువ. వచ్చినవాటిలో రీఫిళ్ళే ఎక్కువ, రీఫిళ్ళలో "వాడాను" అన్నవే ఎక్కువ. సబర్బ్‌లో ఇవ్వడం తప్పని నేను అనను. ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండటం మంచిదే. కానీ ఉన్న సరుకు పరిమితమైనప్పుడు ముందు ఎక్కడికి పంపాలో రీఫిల్ గడే చెప్తుంది. ఆ తర్వాత వ్యాన్ రూటు మారింది. వారంలో ఎక్కువ రోజులు హైవే వైపు తిరగడం మొదలైంది.

మ్యాప్ తయారుకాగానే ఇంకో సమస్య మొదలైంది. దాన్ని చూస్తామని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వీధి స్థాయిలో కావాలన్నారు ఒకరు, ఏ మోటలో చెప్పమన్నారు ఇంకొకరు. ఇవ్వలేదు. చిన్న అంకెలున్న జిప్ కోడ్‌లని పక్కవాటితో కలిపే చూపిస్తాం, ఏ సంఖ్యా ఒక మనిషిని పట్టించేంత చిన్నగా ఉండకూడదు. ఆ మోటల్ దగ్గర ఆమె అడిగిన ప్రశ్న ఉందే, దానికి మేమిచ్చిన జవాబు ఎప్పటికీ నిజంగానే ఉండాలి. ఒక్కసారి ఆ నమ్మకం పోతే కార్డులు రావడం ఆగిపోతుంది, పెట్టెలు తీసుకోవడమూ ఆగిపోతుంది.

లాట్ నంబర్లు (ఒకే విడతలో తయారైన సరుకు నంబర్లు), ఎక్స్‌పైరీ తేదీల గురించి క్లుప్తంగా చెప్తాను. ఏ లాట్ ఎక్కడికి వెళ్ళిందో రాసుకోకపోతే కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంటామని రీకాల్ ప్రకటించిన రోజున చేతులు కట్టేసినట్టవుతుంది. 2024 జనవరిలో నార్కాన్ గడువుని మూడేళ్ళనుంచి నాలుగేళ్ళకి పెంచారు. అది అప్పటినుంచి తయారైనవాటికే. పాత పెట్టెలకి వాటిమీద ముద్రించిన తేదీయే లెక్క. అందువల్ల రెండు రకాల గడువులున్న సరుకు ఒకే అరలో ఉంటుంది, ముందు తీరేది ముందు బయటికి పోవాలి. చలి ఇంకో బెడద. సున్నాకి 15 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే ఈ స్ప్రే గడ్డకట్టి పనిచెయ్యదు. గది వేడిలో 15 నిమిషాలు ఉంచితే కరుగుతుంది, తర్వాత వాడుకోవచ్చు. కానీ మనిషి ఊపిరాగి పడి ఉన్నప్పుడు 15 నిమిషాలు ఎక్కడివి? జనవరి రాత్రుల్లో వ్యాన్‌లో సరుకు వదలకుండా లోపలికి తెచ్చుకోవాలని రూల్ పెట్టుకున్నాం. తీసుకునేవాళ్ళకి కోటు లోపలి జేబులో పెట్టుకోమని చెప్తాం.

ఇక మనవాళ్ళ సంగతి. మా ఊరి గుడిలో ఉగాదికి హెల్త్ క్యాంప్ పెడితే అందులో నేనూ ఒక బల్ల వేసుకున్నాను. పక్క బల్ల దగ్గర బీపీ, షుగర్ చూస్తుంటే బారెడు లైను. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన బోర్డు చదివి, "మన పిల్లలకి ఇలాంటివి ఎందుకమ్మా" అన్నారు. వాదించలేదు. "అంకుల్, మీకు గానీ ఆంటీకి గానీ ఈ మధ్య మోకాలి ఆపరేషన్ అయిందా? నొప్పికి మాత్రలిచ్చారా? మిగిలాయా?" అని అడిగాను. అయింది, ఇచ్చారు, మిగిలాయి, వంటగది అరలో ఉన్నాయి. అవి ఆక్సికోడోన్. పడుకునే ముందు నిద్రమాత్ర కూడా వేసుకుంటారట. ఆ రెండూ కలిస్తే ఊపిరికి ఎంత ప్రమాదమో చెప్పాను. పెట్టె తీసుకున్నారు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు వచ్చారు.

కాలేజీ పిల్లల విషయం ఇంకా భయపెట్టేది. చదువుకోవడానికి నిద్ర రాకుండా అడరాల్ అని, నొప్పికి పర్కొసెట్ అని ఆన్‌లైన్‌లోనో, స్నేహితుల దగ్గరో కొనే మాత్రల్లో చాలా నకిలీవి, వాటిలో ఫెంటనిల్ ఉంటోంది. 2023లో అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థ డీఈఏ పట్టుకుని పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో ప్రతి పదింటిలో ఏడింట్లో ప్రాణం తీసే మోతాదు ఉండొచ్చని తేలింది. 2022 మేలో కొలంబస్‌లో ఒహైయో స్టేట్ యూనివర్సిటీ నకిలీ అడరాల్ మాత్రల గురించి విద్యార్థులందరికీ హెచ్చరిక పంపింది, అప్పుడు ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఇది ఎవరి పిల్లల సమస్యో అని పక్కన పెట్టే విషయం కాదు. క్యాంప్ అయిన కొన్నాళ్ళకి ఒక తండ్రి రాత్రిపూట ఫోన్ చేశారు. "అబ్బాయి కాలేజీ డార్మ్‌కి, హాస్టల్‌కి వెళ్తున్నాడండీ, రెండు పెట్టెలు ఇవ్వగలరా? ఎవరికీ తెలియకూడదు." పేరు రాయం, జిప్ కోడ్ ఒక్కటే అడుగుతామని చెప్పాక ఆయన గొంతులో బరువు తగ్గింది. గుడి పార్కింగ్‌లో ఇచ్చాను. ఎలా వాడాలో కూడా అక్కడే చూపించాను. భుజం కుదిపి పిలవాలి, ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దాలి. లేవకపోతే 911కి కాల్ చేసి, ఒక ముక్కు రంధ్రంలో కొట్టాలి. ఊపిరి లేకపోతే ఐదు సెకన్లకి ఒకసారి నోట్లో ఊదాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక రాకపోతే రెండోది ఇంకో రంధ్రంలో. లేచినా ఒంటరిగా వదలకూడదు. నలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, ఓపియాయిడ్ ఒంట్లో అంతకన్నా ఎక్కువసేపు ఉంటే మళ్ళీ ఊపిరి ఆగొచ్చు.

నిజామాబాద్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు, "అక్కా, మన దగ్గర కల్తీ కల్లు తాగి పడిపోయినవాళ్ళకి ఇది పనికొస్తుందా?" అని అడిగాడు. పనికిరాదు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తు మందు ఓపియాయిడ్ కాదు, నలాక్సోన్ దాన్ని ఏమీ చెయ్యలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళడమొక్కటే దారి. ఇక్కడ కూడా ఫెంటనిల్‌లో జైలజీన్ అనే పశువుల మత్తుమందు కలుపుతున్నారు. అదీ ఓపియాయిడ్ కాదు కాబట్టి, నలాక్సోన్ ఇస్తే ఊపిరి వస్తుంది గానీ మనిషి కళ్ళు తెరవకపోవచ్చు. అది తెలియనివాళ్ళు స్ప్రే మీద స్ప్రే కొడుతూ పోతారు. మా కార్డుల్లో "ఎన్ని కొట్టారు" అన్నచోట అంకెలు పెరగడం చూసి, శిక్షణలో చెప్పే మాట మార్చాం: కళ్ళు తెరిచాడా అని కాదు, ఊపిరి తీస్తున్నాడా అని చూడండి.

అమెరికాలో ఓవర్‌డోస్ మరణాలు 2022లో 1,07,000 దాటాయి. 2024కి సీడీసీ ప్రాథమిక అంచనా 80,000 దగ్గరికి దిగింది. ఇందులో నలాక్సోన్ పాత్ర ఎంత, చికిత్స పాత్ర ఎంత, మత్తుమందు సరఫరాలో వచ్చిన మార్పు ఎంత అన్నది తేల్చడం నా కార్డులతో అయ్యే పని కాదు. మోటళ్ళ జిప్ కోడ్‌లో రీఫిళ్ళు పెరిగాయని, "బతికాడు" అనే టిక్కులు వస్తూనే ఉన్నాయని మాత్రం చెప్పగలను. అసలు వాడినవన్నీ మాకు తెలియవు కూడా. పెట్టె వాడి, మళ్ళీ రానివాళ్ళు ఎంతోమంది ఉంటారు. అందుకే రిపోర్టులో "మాకు తెలిసినంతవరకు" అనే మాట ప్రతిసారీ రాస్తాను, ఎవరు తీసెయ్యమన్నా తియ్యను.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నది కార్డుకి అందని మనుషుల గురించి. సీడీసీ లెక్కల ప్రకారం ఓవర్‌డోస్ మరణాల్లో పదింట నాలుగింటి దగ్గర ఇంకో మనిషి ఉన్నారు. అంటే మిగతావాటిలో స్ప్రే జేబులో ఉన్నా కొట్టేవాళ్ళు లేరు. ఒంటరిగా వాడేవాళ్ళు ఫోన్ చేస్తే అవతలి మనిషి లైన్‌లోనే ఉండి, జవాబు ఆగిపోతే అంబులెన్స్‌ని పంపే సర్వీసులు ఇక్కడ ఉన్నాయి. కొత్త విడత పెట్టెలన్నిటి మీదా ఆ నంబర్ స్టిక్కర్ అంటిస్తున్నాం. దాన్ని చూసి ఎంతమంది ఫోన్ చేశారో, పేర్లు అడగకుండా, ఎవరినీ భయపెట్టకుండా ఎలా తెలుసుకోవాలన్నదే ప్రస్తుతం నా బల్ల మీదున్న పని. అవుట్‌రీచ్ వర్కర్లతో కూర్చుని కార్డు మీద ఇంకో గడికి జాగా ఉందేమో చూస్తున్నాం.